విదేశీ కరెన్సీ నోట్లు: ప్రయాణికులకు నకిలీల గుర్తింపు

సొంత దేశపు నోటును కళ్లకన్నా ముందు వేళ్లే గుర్తుపడతాయి. ఏళ్ల తరబడి లెక్కపెట్టిన అలవాటు అది. పరాయి దేశంలో ఆ అలవాటు అక్కరకు రాదు. అక్కడ రంగు కొత్త, బొమ్మ కొత్త, కొన్నిచోట్ల అంకెలు కూడా కొత్తవే. దొంగ నోట్లు చలామణీ చేసేవారికి కొత్తగా వచ్చిన ప్రయాణికుడు అనువుగా దొరకడానికి కారణం ఇదే. నకిలీ నోటు ఎవరి చేతిలో బయటపడితే నష్టం వారిదే. బ్యాంకు దాన్ని స్వాధీనం చేసుకుంటుందే తప్ప బదులుగా అసలు నోటు ఇవ్వదు. గల్ఫ్‌లో కూలి డబ్బు దాచుకున్న కార్మికుడికైనా, అమెరికా చదువుకు బయలుదేరిన విద్యార్థికైనా, బ్యాంకాక్‌కో సింగపూర్‌కో విహారానికి వెళ్లిన కుటుంబానికైనా ఇది చిన్న దెబ్బ కాదు.

నకిలీని పట్టించే ఏకైక గుర్తు అంటూ ఏ నోటులోనూ లేదు. నీటిగుర్తును అనుకరించినవారు ముద్రణలో దొరికిపోతారు, ముద్రణలో నెగ్గినవారు రంగు మారే సిరా దగ్గర తప్పుతారు. అందుకే కేంద్ర బ్యాంకులన్నీ ఒకే మాట చెబుతాయి: కనీసం రెండు మూడు వేర్వేరు పరీక్షలు చేయాలి, అవి కూడా నోటు పుచ్చుకున్న చోటే చేయాలి.

చరిత్ర

పరాయి దేశపు నోట్లను ముద్రించడం దొంగల పనే కాదు, కొన్నిసార్లు ప్రభుత్వాల పన్నాగం కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ జర్మనీ ‘ఆపరేషన్ బెర్న్‌హార్డ్’ పేరుతో బ్రిటిష్ పౌండ్లను ముద్రించింది. సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలోని యూదు ఖైదీల చేత ఈ పని చేయించారు. ఆ నోట్లు ఎంత పకడ్బందీగా ఉన్నాయంటే, 1943లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 10 పౌండ్లు, అంతకు మించిన నోట్ల జారీనే ఆపేసింది. 10 పౌండ్ల నోటు మళ్లీ వచ్చింది 1964లో.

అంతకుముందు 1925లో హంగరీకి చెందిన కొందరు ఫ్రెంచి ఫ్రాంకులను అచ్చువేసి నెదర్లాండ్స్‌లో మార్చబోయి పట్టుబడ్డారు. ప్రభుత్వంలోని పెద్దల హస్తం బయటపడి ఐరోపా అంతా గగ్గోలు రేగింది. దాని ఫలితమే 1929 ఏప్రిల్ 20న జెనీవాలో కుదిరిన నకిలీ కరెన్సీ నిరోధక ఒప్పందం. సొంత నోటుకు నకిలీ చేసినా, పరాయి నోటుకు నకిలీ చేసినా శిక్షలో తేడా ఉండరాదన్నది అందులోని ముఖ్య సూత్రం.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసేనాటికి చలామణీలో ఉన్న నోట్లలో మూడో వంతు దాకా నకిలీలేనని అంచనా. దీన్ని అరికట్టడానికే 1865లో సీక్రెట్ సర్వీస్ పుట్టింది. అధ్యక్షుడి రక్షణ బాధ్యత దానికి తర్వాత వచ్చింది. 1989లో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో బయటపడిన 100 డాలర్ల నకిలీలు అసలు నోట్లలాగే ఉబ్బెత్తు ముద్రణతో ఉండటంతో వాటికి ‘సూపర్ డాలర్’ అన్న పేరు స్థిరపడింది. వీటి వెనక ఉత్తర కొరియా ఉందని అమెరికా ఆరోపించింది, ఆ దేశం ఖండించింది.

నోటులోని రక్షణలు

నోటు కాగితం మామూలు కాగితం కాదు. పుస్తకాల కాగితం కలప గుజ్జుతో తయారైతే, నోటు కాగితం చాలా దేశాల్లో పత్తి నారతో తయారవుతుంది. డాలర్ కాగితంలో 75 శాతం పత్తి, 25 శాతం అవిసె నార (లినెన్). యూరో కాగితం పూర్తిగా పత్తే. జపాన్ యెన్ కాగితంలో మిత్సుమతా అనే పొద బెరడు నార కలుపుతారు. నోటు గరగరలాడేదీ, మామూలు కాగితంలా మెత్తబడనిదీ ఇందువల్లే.

ఆ కాగితంలోనే నీటిగుర్తు ఉంటుంది. కాగితం తయారయ్యేటప్పుడే కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల పల్చగా ఉంచడం వల్ల వెలుగుకు ఎత్తి పట్టినప్పుడు బొమ్మ కనిపిస్తుంది. వెలుగునీడలు ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలిసిపోతాయి. నకిలీల్లో ఈ బొమ్మను పైన ముద్రిస్తారు, కాబట్టి నోటును బల్లమీద పెట్టినా అది కనిపిస్తుంది, అంచులు గీసినట్టు ఉంటాయి. భద్రతా దారం కూడా కాగితం లోపలిదే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1940లో ఒక పౌండు నోటులో లోహపు దారాన్ని ప్రవేశపెట్టింది.

ముఖ్యమైన బొమ్మలను, అక్షరాలను లోతుగా చెక్కిన పలకలతో అధిక ఒత్తిడి మీద అచ్చువేస్తారు. దీన్ని ఇంటాగ్లియో అంటారు. సిరా కాగితం మీద గట్టులా నిలిచి వేలికి తగులుతుంది. కంప్యూటర్ ప్రింటర్‌కు ఈ గరుకు సాధ్యం కాదు. భూతద్దంలో చూస్తే అసలు నోటు గీతలు తెగకుండా సాగుతాయి, ప్రింటర్ నకిలీలో అవి రంగు చుక్కలుగా విడిపోతాయి. సూక్ష్మాక్షరాలు ముద్రించిన చోట కంటికి సన్నని గీతలా కనిపించేది భూతద్దం కింద చదవదగిన అక్షరాలవుతుంది. నకిలీలో అది మసక గీతగానే మిగులుతుంది.

పాలిమర్ నోట్లది మరో దారి. 1988లో ఆస్ట్రేలియా 10 డాలర్ల స్మారక నోటుతో వీటిని మొదలుపెట్టి, 1996 నాటికి మొత్తం కరెన్సీని ప్లాస్టిక్‌లోకి మార్చింది. నోటులో ఒక భాగం అద్దంలా పారదర్శకంగా ఉండటం వీటి ప్రధాన లక్షణం. నకిలీల్లో ఆ భాగాన్ని కత్తిరించి వేరే ప్లాస్టిక్ ముక్క అతికిస్తారు. వేలితో తడిమితే అతుకు తెలిసిపోతుంది.

ప్రయాణికుడి పరీక్షలు

యూరోపియన్ కేంద్ర బ్యాంకు ప్రజలకు నేర్పే క్రమం తాకడం, చూడడం, వంచడం. ఇండోనేసియా కేంద్ర బ్యాంకు తన ప్రజలకు చూడు, తడుము, వెలుగుకు పట్టు అని నేర్పుతుంది. ఏ దేశానికైనా సారం ఇదే.

తాకడం: కాగితం బిగువు, బొమ్మ మీది గరుకు, పాలిమర్ అయితే అతుకులేని నునుపు.

వెలుగుకు పట్టడం: నీటిగుర్తు, దారం. నీటిగుర్తులోని బొమ్మ, దారం మీది అంకె నోటు విలువతో సరిపోలాలి. ఉన్నాయా లేవా అని మాత్రమే చూసి వదిలేస్తే పెద్ద మోసానికే తలుపు తెరిచినట్టు. అదేమిటో డాలర్ దగ్గర తెలుస్తుంది.

వంచి చూడడం: రంగు మారే సిరా, కదిలే బొమ్మలు, హోలోగ్రామ్. నోటును అటూ ఇటూ వంచినప్పుడు మార్పు రాకపోతే అది ముద్రించిన మెరుపు మాత్రమే.

ఈ మూడింటికీ పది సెకన్లు చాలు. ఇంకో మంచి పద్ధతి, కచ్చితంగా అసలుదని తెలిసిన నోటును పక్కన పెట్టి పోల్చడం. ప్రయాణానికి ముందు బ్యాంకు నుంచి తీసుకున్న నోట్లలో ఒకదాన్ని ఖర్చుచేయకుండా ఉంచుకుంటే ఇందుకు పనికొస్తుంది. పోల్చేటప్పుడు పోలికల కోసం కాక తేడాల కోసం చూడాలి. నకిలీ చేసినవారు పోలిక తేవడానికే శ్రమపడ్డారు మరి.

డాలర్

అమెరికా దాటి ప్రపంచమంతా తిరిగే నోటు ఇది, అందులోనూ 100 డాలర్లది. 2013 అక్టోబరు 8 నుంచి జారీ అవుతున్న నమూనాలో నిలువుగా నీలి రంగు పట్టీ ఉంటుంది. అది కాగితంలో నేసినది, పైన అతికించినది కాదు. నోటును ముందుకూ వెనక్కూ వంచితే పట్టీలోని గంటల బొమ్మలు 100 అంకెలుగా మారుతూ పక్కలకు కదులుతాయి. పక్కలకు వంచితే కిందికీ పైకీ కదులుతాయి. రాగి రంగు సిరాబుడ్డిలోని గంట వంచినప్పుడు ఆకుపచ్చగా మారుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మలో నోటు ఎడమవైపున్న భుజం మీద వేలు పెట్టి రుద్దితే గరుకు తగలాలి. వెలుగుకు పడితే కుడివైపు ఖాళీలో ఆయన ముఖమే నీటిగుర్తుగా కనిపించాలి.

అమెరికా నోట్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ఈ వీలుతోనే ఒక ప్రత్యేక మోసం పుట్టింది. 5 డాలర్ల అసలు నోటు సిరాను రసాయనంతో కడిగేసి, అదే కాగితం మీద 100 అని ముద్రిస్తారు. కాగితం అసలుదే, దారం అసలుదే, నీటిగుర్తూ అసలుదే. వెలుగుకు పట్టి చదివితే మాత్రం దారం మీద 5 అని ఉంటుంది. 2008లో కొత్త 5 డాలర్ల నోటు తెచ్చినప్పుడు నీటిగుర్తులో లింకన్ ముఖానికి బదులు పెద్ద 5 అంకె పెట్టి, దారాన్ని పక్కకు జరిపింది ఈ మోసాన్ని అడ్డుకోవడానికే.

అతినీల లోహిత కాంతిలో దారాలు విలువను బట్టి వేర్వేరు రంగుల్లో మెరుస్తాయి: 5కు నీలం, 10కి నారింజ, 20కి ఆకుపచ్చ, 50కి పసుపు, 100కు గులాబీ. 1, 2 డాలర్ల నోట్లకు దారం, నీటిగుర్తు రెండూ ఉండవు. అవి లేవని ఆ నోట్లను అనుమానించనక్కరలేదు.

పాత నమూనా డాలర్లు అమెరికాలో ఇప్పటికీ చెల్లుతాయి. కాని 1996కు ముందువి, చిన్న ముఖం ఉన్నవి ఆసియాలోని చాలా దేశాల మార్పిడి దుకాణాలు తీసుకోవు, తీసుకున్నా తక్కువ రేటు కడతాయి. మడతలు, రాతలు, ముద్రలు ఉన్న నోట్లకూ ఇదే ఇబ్బంది. ఇండియాలో డాలర్లు కొనేటప్పుడే కొత్త నమూనా నోట్లు అడిగి తీసుకోవడం మంచిది.

యూరో

యూరో నోట్లు 2002 జనవరి 1న చలామణీలోకి వచ్చాయి. 2013 నుంచి 2019 దాకా అంచెలంచెలుగా ‘యూరోపా’ అనే రెండో వరస వచ్చింది. గ్రీకు పురాణంలోని యూరోపా ముఖం ఈ నోట్ల నీటిగుర్తు. ఎడమ దిగువన పెద్ద అంకె ఆకుపచ్చ రంగు నుంచి ముదురు నీలానికి మారుతుంది, వంచినప్పుడు దాని మీద ఒక వెలుగు పట్టీ కిందికీ పైకీ పాకుతుంది. 20 యూరోలు, ఆపై నోట్లలో హోలోగ్రామ్ పైభాగాన చిన్న కిటికీ ఉంటుంది. వెలుగుకు పడితే అది పారదర్శకమై యూరోపా ముఖం రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది. నోటు అంచుల్లో ఉబ్బెత్తు గీతలు వేలికి తగులుతాయి.

నకిలీలు ఎక్కువగా తగిలేది 20, 50 యూరోల నోట్లలోనే. చిల్లరలో చేతులు మారేవి అవే. 500 యూరోల నోటు జారీ 2019లో ఆగింది, అయినా చెల్లుతుంది. మొదటి వరస నోట్లు కూడా చెల్లుతాయి, పాతదైనంత మాత్రాన నకిలీ కాదు.

పౌండ్

ఇంగ్లండ్ నోట్లు ఇప్పుడన్నీ పాలిమర్‌వే. 2016లో 5, 2017లో 10, 2020లో 20, 2021లో 50 పౌండ్ల నోట్లు వచ్చాయి. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో చెల్లకుండా పోయాయి. ఇంట్లో బంధువులు ఇచ్చిన పాత కాగితపు పౌండ్లతో లండన్‌లో దిగినవారికి దుకాణాల్లో అవి పనిచేయవు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మాత్రం ఎప్పుడైనా మార్చి ఇస్తుంది. 2024 జూన్ 5 నుంచి మూడో చార్లెస్ రాజు బొమ్మతో నోట్లు వస్తున్నాయి. ఎలిజబెత్ రాణి బొమ్మ ఉన్న పాలిమర్ నోట్లు కూడా అంతే చెల్లుబాటు.

నోటును వంచితే హోలోగ్రామ్‌లోని మాట విలువకూ ‘పౌండ్స్’ అనే పదానికీ మధ్య మారుతుంది. కిటికీలోని మెరుపు బొమ్మ 5, 10 పౌండ్ల నోట్లలో ముందువైపు బంగారు రంగు, వెనకవైపు వెండి రంగు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ బ్యాంకులు కొన్ని సొంత నోట్లు జారీచేస్తాయి. అవి నకిలీవి కావు. కాని లండన్ దుకాణాల్లో కొందరు వద్దంటారు, విదేశాల్లో మార్చడం మరీ కష్టం. తిరుగు ప్రయాణానికి ముందే వాటిని ఖర్చుపెట్టడమో, అక్కడి బ్యాంకులో మార్చడమో మేలు.

గల్ఫ్ కరెన్సీలు

నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి లక్షల కుటుంబాలకు గల్ఫ్‌తో బంధం ఉంది. అక్కడి నోట్లకు ఒక ముఖం అరబిక్‌లో, మరో ముఖం ఇంగ్లిష్‌లో ఉంటుంది. అరబిక్ అంకెల్లో సున్నా ఒక చుక్క. అయిదు మనం రాసే సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఆరు ఇంగ్లిష్ ఏడును తలపిస్తుంది. కొత్తగా వెళ్లినవారు ఇంగ్లిష్ ముఖం తిప్పి చూసే అలవాటు చేసుకుంటే విలువ దగ్గర మోసపోరు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021 డిసెంబరులో 50 దిర్హమ్‌ల పాలిమర్ నోటు తెచ్చింది, తర్వాత మరికొన్ని విలువలకూ పాలిమర్ నోట్లు వచ్చాయి. ఒకే విలువకు కాగితం, పాలిమర్ రెండూ చేతికి రావచ్చు, రెండూ అసలువే.

కువైట్ చరిత్ర మరో పాఠం చెబుతుంది. 1990 ఆగస్టులో ఇరాక్ ఆక్రమించినప్పుడు అక్కడి కేంద్ర బ్యాంకు నుంచి దినార్ నోట్లు దోపిడీకి గురయ్యాయి. విముక్తి తర్వాత 1991 మార్చిలో కువైట్ కొత్త వరస నోట్లు తెచ్చి, పాతవాటిని రద్దు చేసింది. దోపిడీ అయిన నోట్లు ముద్రణలో నూటికి నూరుపాళ్లు అసలువే, విలువ మాత్రం సున్నా. నోటు అసలుదవడం ఒక ప్రశ్న, చెల్లడం వేరే ప్రశ్న.

అసలు నోట్లతో మోసాలు

ప్రయాణికులు పోగొట్టుకునే డబ్బులో నకిలీ నోట్లది ఒక భాగమే. ప్రాగ్ నగర వీధుల్లో మంచి రేటు ఇస్తామని పిలిచి, చెక్ కొరునాలకు బదులు హంగరీ ఫోరింట్లో, 2016లో రద్దయిన పాత బెలారూస్ రూబుళ్లో చేతిలో పెట్టిన ఘటనలు ఎన్నో. ఆ దేశంలో 2019 ఏప్రిల్ నుంచి, లైసెన్సు ఉన్న దుకాణంలో 1,000 యూరోల లోపు మార్పిడి చేసుకున్నవారు మూడు గంటల్లోగా దాన్ని రద్దుచేసుకునే హక్కు వచ్చింది. వీధిలో మార్చినవారికి ఆ రక్షణ లేదు.

వియత్నాంలో 20,000, 5,00,000 డాంగ్ నోట్లు రెండూ నీలి రంగువే. చీకట్లో టాక్సీ దిగుతూ ఒకటనుకుని ఇంకొకటి ఇస్తే ఇరవై అయిదు రెట్లు పోయినట్టే. బాలిలో లైసెన్సు లేని మార్పిడి దుకాణాల్లో నోట్లు మన ముందే లెక్కపెట్టి, చివరిసారి సర్దుతున్నట్టు నటిస్తూ కొన్ని జారవిడుస్తారు. లెక్క ముగిశాక కట్టను మళ్లీ వారి చేతికి ఇవ్వకపోవడమే దీనికి మందు.

నల్లటి కాగితాలు చూపించి, రసాయనంలో కడిగితే డాలర్లవుతాయని నమ్మించేవారు ఇంకో రకం. ఎదుట కడిగి చూపే ఒకటి రెండు నోట్లు ముందే రంగు పూసిన అసలువి. రసాయనం కొనడానికని లక్షలు గుంజి మాయమవుతారు. భారతీయ నగరాల్లో కూడా పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్నారు. సినిమా చిత్రీకరణల కోసం అచ్చువేసే డాలర్లు కూడా చలామణీలోకి వస్తుంటాయి. వాటి మీద సినిమా వాడకానికే అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. తొందరలో ఎవరూ చదవరు.

పరికరాలు, వాటి పరిమితులు

దుకాణాల్లో కనిపించే పసుపు పెన్నులో అయొడిన్ ఉంటుంది. మామూలు కాగితంలో గంజి పదార్థం ఉంటుంది కాబట్టి గీత నల్లబడుతుంది, నోటు కాగితం మీద లేత పసుపుగానే ఉంటుంది. కాని కడిగిన 5 డాలర్ల కాగితం మీద అచ్చువేసిన నకిలీని ఈ పెన్ను అసలుదనే చెబుతుంది. గంజి అంటిన అసలు నోటును నకిలీ అనవచ్చు. పాలిమర్‌కు ఇది వర్తించదు.

అతినీల లోహిత దీపం కింద మామూలు కాగితం నీలి తెలుపుగా మెరుస్తుంది, అసలు నోటు కాగితం మెరవదు. జేబులో మరిచిపోయి డిటర్జెంట్‌లో ఉతికిన అసలు నోటు కూడా మెరవవచ్చు. పరికరం చెప్పింది తొలి అనుమానమే, తీర్పు కాదు. చిన్న భూతద్దం, ఫోన్ టార్చి ప్రయాణికుడికి చాలినంత సాయం.

ఇండియా నుంచి వెళ్లేవారికి

నకిలీ బెడద తగ్గించుకునే పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులు, మనీ ఛేంజర్ల దగ్గరే విదేశీ నోట్లు కొనాలి, రసీదు తప్పక తీసుకోవాలి. చాలా దేశాల ప్రయాణానికి ఒక్కో విడతకు నోట్ల రూపంలో 3,000 డాలర్లు, లేదా అంతే విలువైన విదేశీ కరెన్సీ తీసుకెళ్లవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో ఉంచుకోవచ్చు. తిరిగి వచ్చాక 2,000 డాలర్లకు మించి మిగిలితే 180 రోజుల్లో బ్యాంకుకు అప్పగించాలి. విదేశం నుంచి వచ్చేటప్పుడు నోట్లే 5,000 డాలర్ల విలువ దాటితే కస్టమ్స్‌కు తెలియజేయాలి.

విదేశంలో నగదు కావాలంటే బ్యాంకు లోపలి ఏటీఎం అన్నిటికన్నా భద్రమైన చోటు. వీధిలో పలకరించి ఎక్కువ రేటు ఇస్తామనేవారి దగ్గరికి పోనేకూడదు. టాక్సీలకు, చిన్న దుకాణాలకు పెద్ద నోటు ఇవ్వకపోతే నకిలీ చిల్లర వచ్చే అవకాశమూ తగ్గుతుంది. పెద్ద నోటు ఇవ్వక తప్పకపోతే విలువను పైకి చెప్పి ఇవ్వాలి. మన నోటును లోపలికి తీసుకెళ్లి, ఇది నకిలీదంటూ వేరేది తెచ్చి ఇచ్చేవారూ ఉన్నారు. నోటు క్రమసంఖ్య చివరి అంకెలు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే వాదనకు ఆధారం ఉంటుంది.

చట్టం, చేయవలసినవి

నకిలీ అని తెలిసీ మరొకరికి ఇవ్వడం దాదాపు ప్రతి దేశంలో నేరం. అమెరికాలో దీనికి 20 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఇండియాలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 178, 179, 180 సెక్షన్లు దీనికి సంబంధించినవి. ఇవి రూపాయికే పరిమితం కావు. అమెరికా డాలర్లకు నకిలీ చేసినా భారతీయ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1986లోనే పాత శిక్షాస్మృతి కింద స్పష్టం చేసింది. నోటు న్యాయమైన మార్గంలో చేతికి వచ్చిందని నిరూపించుకున్నవారికి 180వ సెక్షన్ కింద నేరం అంటదు. మార్పిడి రసీదు విలువ ఇక్కడ తెలుస్తుంది.

నోటు పుచ్చుకుంటున్నప్పుడే అనుమానం వస్తే మర్యాదగా వద్దని, వేరే నోటు అడగాలి. ఎదుటివారికీ అది తెలియకుండానే వచ్చి ఉండవచ్చు, కాబట్టి నింద వేయనక్కరలేదు. తర్వాత తెలిస్తే ఆ నోటును వేరే కవరులో పెట్టి, ఎక్కువగా ముట్టుకోకుండా, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో రాసిపెట్టి, దగ్గరి బ్యాంకుకో పోలీసులకో అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. ఇబ్బంది ముదిరితే భారత రాయబార కార్యాలయం సాయం కోరవచ్చు. పోయిన సొమ్ము దిగమింగుకోవడం బాధే, కష్టపడి సంపాదించినవారికి మరీనూ. అయినా ఆ నోటును ఇంకొకరి చేతిలో పెట్టడం వల్ల నష్టం తీరదు, మరో అమాయకుడి మీదికి మారుతుంది. దానికితోడు, అప్పటిదాకా మోసపోయిన మనిషి ఆ క్షణం నుంచి చట్టం ముందు నేరస్థుడవుతాడు.